కీ ప్రకారం బంతి

ఫైనల్ కీ విడుదలైన సోమవారం నుంచి జిల్లాలో పైకి విసిరిన బంతులు కిందికి రావడం మానేశాయి. టీచర్ ఉద్యోగాల పరీక్షలో ముప్పై ఏడో ప్రశ్న అది: సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరిన బంతి ఎంతసేపటికి చేతికి వస్తుంది? చిట్యాల నాగవేణి గురుత్వ త్వరణాన్ని పదిగా తీసుకుని లెక్క కట్టింది. ఎక్కడానికి రెండు సెకన్లు, దిగడానికి రెండు, మొత్తం నాలుగు. కీలో ‘తిరిగి రాదు’ అని ఉంది. ఆ ఒక్క మార్కుతో ఆమెకు ఉద్యోగం తప్పిపోయింది.

పదేళ్లుగా ప్రైవేటు బళ్లో ఇదే లెక్క చెబుతున్న మనిషి. ఒళ్లు మండి, సంచీలో ఒక బంతి వేసుకుని పరీక్షల ఆఫీసుకు వెళ్లింది. సూపరింటెండెంటు పురుషోత్తం మర్యాదగా ఆవరణలోకి తీసుకెళ్లాడు. ఆమె కసిగా విసిరింది. బంతి ఆరంతస్తుల ఎత్తుకు పోయి ఆగింది. అక్కడ అప్పటికే వేరే అభ్యర్థులవి అరవై దాకా ఉన్నాయి.

“చూసిన్రా మేడం, కీ కరెక్టే.”

“మొన్నటిదాక పడ్డది కద సార్!”

“మొన్నటిదాక కీ రాలే కద.”

“ఆ జవాబు ఎవరు రాసిన్రు?”

“నిపుణుల కమిటీ. అభ్యంతరం ఉంటే అర్జీ పెట్టున్రి, వాళ్లే చూస్తరు.”

మూడు నెలలకు కమిటీ వచ్చింది. బంతుల కింద కుర్చీలు వేసుకుని, టీ తాగి, తలెత్తి చూసింది. అర్జీదారు విసిరిన బంతి వల్ల కీ నిజమని మరింత రుజువైందని రాసి, ఆమెకు కృతజ్ఞతలు కూడా తెలిపింది. క్రీడల శాఖ క్యాచ్ అవుట్‌ను రద్దు చేసింది. నాగవేణి కమిటీ ఉత్తరాన్ని ముక్కలు ముక్కలుగా చించింది.

మరుసటి ఏడాది మళ్లీ అదే ప్రశ్న. వయసు ప్రకారం ఆమెకు అదే ఆఖరి పరీక్ష. పెన్ను చాలాసేపు ‘నాలుగు సెకన్లు’ మీద నిలబడింది. చివరికి పళ్లు కొరుక్కుంటూ ‘తిరిగి రాదు’ దిద్దింది. ఉద్యోగం వచ్చింది.

మొదటి పాఠానికే తొమ్మిదో తరగతిని మైదానంలోకి తీసుకెళ్లి బంతి విసిరింది. బంతి పైనే ఉండిపోయింది. పిల్లలెవరూ తలెత్తలేదు, ‘తిరిగి రాదు’ అని రాసుకుంటున్నారు.

“ఒక్కలన్న పైకి చూడున్రి! అదెందుకు వస్తలేదో అడుగున్రి!” అని అరిచింది.

ముందు వరుసలోని కౌసల్య నెమ్మదిగా అంది: “అది పరీక్షల రాదు కద టీచర్.”

నాగవేణి నలభై నోటుబుక్కులూ తెప్పించుకుని, అన్నింటికీ రైట్ కొట్టి సంతకం పెట్టింది.