తలుపు ఎటువైపు?

మా ఇంట్లో నాకంటూ ఉన్న చోటు ఒక ప్లాస్టిక్ కుర్చీ. దాన్నయినా ఒక్కచోట ఉండనివ్వరు. ఊడ్చేటప్పుడు వరండాలోంచి హాల్లోకి, తడిగుడ్డ పెట్టేటప్పుడు హాల్లోంచి పెరట్లోకి, చర్చి స్త్రీల సమాజం వాళ్ళు వచ్చినప్పుడు పెరట్లోంచి నేరుగా వాళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. దాని వెనకాలే నేనూ తిరుగుతుంటాను.

నా పేరు సాలమోను. రాజోలు పక్క ఊళ్ళో ముప్పై మూడేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి నిరుడు రిటైరయ్యాను. మా ఆవిడ సుగుణ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి నాకంటే ఆరు నెలల ముందు రిటైరైంది. ఆసుపత్రి ఆమెను వదిలింది కానీ ఆమె ఆసుపత్రిని వదల్లేదు. ఇంటికి తెచ్చేసుకుంది. పేషెంటుని నేనే.

"ఏవండీ, కాళ్ళు పైకెత్తండి" అంటుంది. ఎత్తుతాను. "దించండి" అంటుంది. దించుతాను. "నోరు తెరవండి" అన్నప్పుడు కూడా మాత్ర వెయ్యడానికే గానీ మాట్లాడనివ్వడానికి కాదు.

మా వంటింటి గోడకీ ప్రహరీకీ మధ్య పన్నెండడుగుల సందు ఉంది. కొబ్బరి మట్టలూ, చిల్లుపడ్డ బకెట్లూ తప్ప అక్కడ ఏమీ లేవు. అందులో ఒక గది వెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. ఎందుకంటారా, సాయంత్రం నేనూ, పోస్టాఫీసులో చేసి మానేసిన బాపిరాజు గారూ, ఎరువుల కొట్టు సత్యమూ కలిసి కేరమ్స్ ఆడుకోవడానికి.

వరండాలో ఆడుకోవచ్చు కదా అంటారేమో. ఆడాం. నాలుగో రోజున సుగుణ బీపీ మిషను పట్టుకొచ్చి ఒక్కొక్కరి చెయ్యీ లాక్కుంది. బాపిరాజు గారికి నూట డెబ్భై ఉందని తేలింది. అప్పట్నుంచి ఆయన మా వీధిలోంచి రావడం మానేసి, మార్కెట్టుకి కూడా కాలవగట్టు మీంచి చుట్టూ తిరిగి పోతున్నారు.

మూడు రోజులు గ్రాఫు కాగితం ముందేసుకుని ప్లాను గీశాను. పది బై పద్నాలుగు. ముందు గోడ సరిగ్గా వీధంచుకి వస్తుంది. కేరమ్ బోర్డు చుట్టూ మోచెయ్యి ఆడటానికి రెండేసి అడుగులు వదిలాను. తలుపు ఒక్కటే, అదీ వీధివైపు. ఇంట్లోంచి ఆ గదిలోకి దారి లేదు. కిటుకంతా అక్కడే ఉంది.

సుగుణకి మాత్రం చుట్టాల గది అని చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి ఎత్తి చూసింది.

"బాగుందండి. ఇందులోకి నేనెలా వెళ్ళాలి?"

"వీధిలోంచి వెళ్ళొచ్చు."

"మెట్లు దిగి, గేటు తీసుకుని, వీధిలోకెళ్ళి, తలుపు కొట్టాలా?"

"కొట్టక్కర్లేదు. పిలిస్తే చాలు."

"సొంతింట్లో గదికి చుట్టపుచూపుగా వెళ్ళాలన్నమాట."

"చుట్టాల గదే కదా."

"వంటింట్లోంచి ఒక తలుపు పెట్టండి."

"గోడ పగలగొడితే ఇల్లు బలం తగ్గుతుంది సుగుణా."

"గోడ బలం మేస్త్రీ చెప్తాడు. మీ బలం నేను చెప్తాను. పిలవండి అతన్ని."

మేస్త్రీ నాగబాబు నా పాత శిష్యుడే. వాణ్ణి ముందుగా టీకొట్టుకి తీసుకెళ్ళి రెండు బజ్జీలు పెట్టించాను. వంటింటి వైపు తలుపు పనికిరాదని మా ఆవిడతో చెప్పాలన్నాను.

"ఆ గోడ రాయిలా ఉందండి మాస్టారూ. నాలుగు తలుపులు పెట్టినా కదలదండి."

"గోడ సంగతి వదిలెయ్. ఇంకేదైనా కారణం చెప్పు."

నాగబాబు మూడో బజ్జీ తీసుకుని ఆలోచించాడు. "అయితే వాస్తే చెప్పాలండి. దానికి ఎదురు చెప్పేవాళ్ళుండరండి."

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. నేను మా చర్చిలో సంఘ పెద్దని. రెండు నెలల కిందట, బ్యాంకులో పనిచేసే సుధీర్ వాస్తు చూపించుకుని తన గేటు తూర్పుకి మార్పించాడని తెలిసి, ఆదివారం ఆరాధనలో లేచి ఇరవై నిమిషాలు ఉతికి ఆరేశాను. విశ్వాసం ఉన్నవాడికి మూలలతో పనేమిటన్నాను. పాపం సుధీర్ మర్నాడే గేటు ఊడబీకించి పాత చోటే పెట్టించాడు.

నిజం చెప్పొద్దూ, మా కోనసీమలో ఇల్లు కట్టేవాడు ఏ గుళ్ళో దణ్ణం పెట్టినా, ఏ చర్చిలో మోకరించినా, మూలలు చూడకుండా ఇటుక పెట్టడు. కాకపోతే మా వాళ్ళం దాన్ని వాస్తు అనం. "గాలీ వెలుతురూ" అంటాం. "అటు తలుపు వద్దండి, గాలీ వెలుతురూ రాదు" అంటే ఎదుటివాడికి అర్థమైపోతుంది, మనకి పాపమూ అంటదు. సుధీర్ చేసిన తప్పల్లా ఆ మాట పైకి అనెయ్యడమే.

"వాస్తనే ముక్క నీ నోట్లోంచి రాకూడదు. గాలీ వెలుతురూ అను" అని నాగబాబు చేత మూడుసార్లు అప్పజెప్పించాను.

"ఆయ్, గాలీ వెలుతురండి" అన్నాడు మూడుసార్లూ. ఎక్కాలు కూడా వీడు ఇంత బాగా ఎప్పుడూ అప్పజెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

శనివారం పొద్దున ముగ్గు పొయ్యడానికి ముహూర్తం పెట్టుకున్నాం. ముహూర్తం అని కూడా అనకూడదు లెండి, వీలు చూసుకున్నాం. పని మొదలెట్టే ముందు ప్రార్థన చేయించడం మా అలవాటు. పాస్టరు ప్రవీణ్ కుమార్ గారొక్కరే వస్తారనుకున్నాను. సుగుణ స్త్రీల సమాజం మొత్తాన్ని పిలిచింది. ముందు అధ్యక్షురాలు క్రిస్టీనా గారు, వెనక నలభై మంది ఆడవాళ్ళు, వాళ్ళ వెనక సుధీర్.

నాగబాబు మేకులు దిగ్గొట్టి, పురికొస లాగి, తెల్లటి ముగ్గుతో గది గీశాడు. నేల మీద నా గది చూసుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆడవాళ్ళందరూ ముగ్గు బయట చెప్పులు విప్పి, తలుపు కోసం వదిలిన ఖాళీలోంచి ఒక్కొక్కరే లోపలికొచ్చి నిలబడ్డారు. నేను హడావుడిలో అడ్డంగా గీత దాటబోయాను.

"మాస్టారూ, గోడలోంచి వస్తున్నారండి" అన్నారు క్రిస్టీనా గారు.

వెనక్కి వెళ్ళి తలుపులోంచి వచ్చాను.

పాస్టరు గారు కళ్ళు మూసుకోబోతుండగా సుగుణ అందరికీ వినపడేలా అడిగింది. "నాగబాబూ, వంటింట్లోంచి ఇందులోకి తలుపు ఎక్కడ పెడతావు?"

"పెట్టకూడదండి."

"ఎందుకని?"

నేను లోలోపల గాలీ వెలుతురూ అనుకుంటున్నాను. నాగబాబు గొంతు సవరించుకుని, సంతలో వేలంపాట పాడేవాడిలా అందుకున్నాడు. "వాస్తు ఒప్పుకోదండి. పొయ్యికెదురుగా ద్వారం తెరిస్తే ఇంటి యజమానికి గండమండి. ఇలా చెప్పమని మాస్టారే చెప్పేరండి."

నలభై మంది ఆడవాళ్ళ తలలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి.

ముందుగా తేరుకున్నవాడు సుధీర్. "అయితే మాస్టారూ, నేను గేటు మళ్ళీ తూర్పుకి తిప్పుకోవచ్చాండీ?" అని ఎంతో వినయంగా అడిగాడు.

పాస్టరు గారు నా వైపు చూశారు. "ఏంటండీ మాస్టారూ ఇది?"

"అది కాదండి, గాలీ... గాలీ..." అన్నాను. నోట్లోంచి గాలి వచ్చింది గానీ వెలుతురు రాలేదు.

అప్పుడు సుగుణ ముందుకొచ్చి చేతులు కట్టుకుంది. "ఆయన్ని తప్పుగా అనుకోకండి అయ్యగారూ. ఈ గది మా స్త్రీల సమాజం కూడికలకి ఇచ్చెయ్యాలని ఆయన మనసులో పెట్టుకున్నారండి. అక్కచెల్లెళ్ళంతా మా వంటింట్లోంచి నడవకుండా నేరుగా వీధిలోంచి రావాలని తలుపు అటు గీసేరు. పైకి చెప్పుకోవడం ఇష్టంలేక మేస్త్రీ చేత ఏదో అనిపించబోయేరు. కుడిచేత్తో ఇస్తే ఎడంచేతికి తెలియనివ్వరండి ఈయన." అని నా వైపు తిరిగింది. "అంతేనాండీ?"

ఒక పక్క సంఘ పెద్ద పదవి, ఇంకో పక్క నా గది. సుధీర్ నవ్వడానికి నోరు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు.

"ఆయ్" అన్నాను. పద్నాలుగడుగుల గది ఆ ఒక్క మాటతో చేజారిపోయింది.

చప్పట్లు కొట్టారు. క్రిస్టీనా గారు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు అరగంట ప్రార్థించారు. తన సుఖం చూసుకోని దాసుడని నా పేరు ఏడుసార్లు తలుచుకున్నారు. ఏడుసార్లూ నేను తలవంచుకునే ఉన్నాను. భక్తి అనుకున్నారు.

అందరూ వెళ్ళాక నాగబాబుని బకెట్ల దగ్గర పట్టుకున్నాను.

"వాస్తనొద్దని మూడుసార్లు చెప్పానా లేదా?"

"చెప్పేరండి."

"మరెందుకన్నావు?"

"నర్సమ్మగారు అనమన్నారండి."

"నేను నీకు చెప్పిన సంగతి ఆవిడకెవరు చెప్పారు?"

"నేనేనండి. ఆ సాయంత్రమేనండి."

"నా బజ్జీలు తిని నాకే ద్రోహం చేస్తావా?"

"మాస్టారూ, మీరు నాకు లెక్కలు చెప్పేరండి. నర్సమ్మగారు మా అమ్మకి పురుడు పోసేరండి. లెక్కలైతే నాకు రాలేదు గానీ, పుట్టడం మాత్రం పుట్టేను కదండీ."

వాణ్ణి వదిలేసి ముగ్గు దగ్గరికి వచ్చాను.

సుగుణ ముగ్గు గది మధ్యలో ఒక్కతే కూర్చుని ఉంది. నాకు మండిపోతోంది. "నీకు గది కావాలంటే అడగొచ్చు కదా. నలుగురిలో నన్ను ఇలా ఇరికించాలా?" అన్నాను.

"నాకు గది వద్దండి. తలుపు కావాలి."

"తలుపుతో నీకేం పని?"

ఆమె ముగ్గు గీత మీద పడ్డ కొబ్బరాకు తీసి పక్కన పడేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మీకు పగలు బడి, నాకు నైట్ డ్యూటీలు. నేనొచ్చేసరికి మీరు సైకిలెక్కేవారు. మీరొచ్చేసరికి నేను బస్సెక్కేదాన్ని. ముప్పై ఏళ్ళు గేటు దగ్గర తాళంచెవి ఇచ్చిపుచ్చుకున్నాం గానీ, ఇద్దరం కూర్చుని టీ తాగింది ఎన్నిసార్లండీ? ఇప్పుడు కదా ఒకేసారి ఇంట్లో ఉంటున్నాం అనుకున్నాను. మీరేమో నా వైపు దారి లేకుండా గది గీసుకున్నారు."

నాకు సిగ్గేసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. జేబులో చెయ్యి పెడితే బడి అలవాటు కొద్దీ ఉంచుకున్న సుద్దముక్క తగిలింది. వంటింటి గోడ దగ్గరికి వెళ్ళి, బోర్డు మీద గీసినట్టు నిలువుగా రెండు గీతలూ, పైన ఒక గీతా గీశాను.

సుగుణ లేచి వచ్చి పక్కన నిలబడింది. "ఎంత వెడల్పండీ?"

"మూడడుగులు."

"చాలదండి. మూడున్నర పెట్టండి."

"ఎందుకు?"

"శుక్రవారం కూడికకి నలభై మంది వస్తారు. టీ గ్లాసుల పళ్ళెం పట్టాలి కదండీ. మిగతా ఆరు రోజులూ మీ కేరమ్స్ ఆడుకోండి. బాపిరాజు గారి బీపీ మాత్రం నేను రోజూ చూస్తాను."

"నలభై టీలు ఒక్కదానివే మొయ్యగలవా?" అన్నాను, ప్రేమ పొంగుకొచ్చి.

"నేనెందుకు మోస్తానండి. నేను లోపల కూడికలో ఉంటాను."

గీత అరచేత్తో తుడిచి మూడున్నర గీశాను. పళ్ళెం మోసేవాడి పొట్ట కూడా పట్టాలి కాబట్టి ఇంకో రెండంగుళాలు కలిపాను.