పదమూడు అంగుళాల అభ్యర్థన

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి వేల ఏళ్లు గడిచినా, ఆ చక్రాన్ని మూడు అంగుళాలు తగ్గించుకోవచ్చో లేదో తేల్చే కార్యాలయం మాత్రం ఈ మధ్యనే ఏర్పడింది. దాని పేరు చేతిచక్రాల, అంటే స్టీరింగుల, వ్యాస నిర్ధారణ విభాగం. (అంతకు ముందు జనం ఎలా బతికారో ఆ విభాగం వారికి ఇప్పటికీ అంతుబట్టదు.) రెండో అంతస్తులో, మెట్ల పక్కన, ఒంటి రెక్క మాత్రమే తెరుచుకునే తలుపు వెనక అది పనిచేస్తుంది. రెండో రెక్కకి ఆనించి బీరువా పెట్టారు.

ఆ ఒంటి రెక్కలోంచి పక్కకి తిరిగి లోపలికి దూరవలసి వచ్చిన వాళ్లలో మన మాస్టారు ఒకరు. మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలరు మాస్టారు. ఊళ్లో సగం మంది నడుము కొలతలు ఆయనకి నోటికి వచ్చు. పదకొండేళ్లు కిందా మీదా పడి ఆయన దుకాణం వెనక షెడ్డులో ఒక కారు కట్టారు. ఎప్పుడో పందేలు గెలిచిన రెండు సీట్ల కారుకి అచ్చు గుద్దినట్టుండే నకలు. మొదలుపెట్టిన రోజునే తన కొలత తానే తీసుకుని గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నారు, నడుము ముప్పై రెండు అని. కారు సరిగ్గా ముప్పై రెండుకే తయారైంది. ఈలోగా నడుము నలభై దాటింది. ఎవరి ప్యాంటు కుట్టినా రేపు ఒళ్లు చేస్తారేమోనని లోపల రెండంగుళాల గుడ్డ వదిలే మనిషి, తన కారులో తనకోసం అరంగుళం కూడా వదల్లేదు.

ఈ సంగతి మొదటి తనిఖీలోనే బయటపడాల్సింది. కారుని ట్రాలీ మీద తీసుకెళ్లారు. దీపాలు వెలుగుతున్నాయా, హారను మోగుతోందా అని నలభై రెండు గడులు నింపారు. లోపల మనిషి పడతాడా అన్న గడి ఆ ఫారంలో లేదు, అందుకని ఎవరూ అడగలేదు. స్టీరింగు దగ్గర మాత్రం టేపు పెట్టి చూసి పదహారు అంగుళాలు అని పుస్తకంలో ఎక్కించారు. నిజానికి అది దుకాణం పాత వ్యానుది. పదిహేనేళ్లు ఆ వ్యాను నడిపి బడులకీ ఆసుపత్రులకీ యూనిఫారాలు చేరవేసింది మాస్టారి భార్యే. వ్యాను తుక్కుకి పోయిన రోజు ఆవిడ పట్టుబట్టి స్టీరింగు ఊడదీయించి ఇంటికి తెచ్చుకుంది. ప్రస్తుతానికి ఇది ఉండనీ అని మాస్టారు దాన్నే కారుకి బిగించారు. పుస్తకంలోకి ఎక్కాక ఇక ప్రస్తుతానికి అనేది ఉండదని ఆయనకి తెలీదు.

ఇంటికొచ్చి ఎక్కబోతే పొట్ట దగ్గర ఆగిపోయింది.

“ఏమండీ, బిగబట్టకండి, ఊపిరి వదిలెయ్యండి!” అంటూ ఆవిడ రెండు చంకల కింద చేతులు వేసి లాగింది. “పదకొండేళ్లు ఊరందరి నడుములూ కొలిచారు. అద్దంలో మిమ్మల్ని ఒక్కసారీ చూసుకోలేదా?”

“నవ్వకే బాబూ. చిన్న స్టీరింగు వేస్తే సరిపోతుంది.”

విడిభాగాల దుకాణంలో ఆయన స్టూలు మీద కూర్చుని పద్నాలుగు, పదమూడు, పన్నెండున్నర ఒక్కొక్కటీ పొట్టకి ఎదురుగా పెట్టుకుని చూశారు. పన్నెండున్నర బొమ్మబండిదిలా ఉంది. పద్నాలుగు, భోజనం చేయని రోజున సరిపోతుంది. పదమూడు చేతికి ఇట్టే అమరింది. తోలు తొడుగు మీద కుట్టు వంకరగా ఉందని చూడగానే ఆయన మనసు చివుక్కుమంది. ఇంటికి తెచ్చి మొత్తం విప్పి, మూడు సాయంత్రాలు కూర్చుని తన చేత్తో కుట్టుకున్నారు. పదకొండేళ్ల పనిలో ఆయన అంత ముద్దుగా చూసుకున్న వస్తువు ఇంకోటి లేదు.

కారు తయారైతే మొదటి షికారుకి భార్యని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానని పదకొండేళ్లుగా మాటిస్తున్నారు. కానీ పుస్తకంలో ఎక్కిన చక్రాన్ని మార్చాలంటే ఆ రెండో అంతస్తు విభాగం అనుమతి కావాలి. గడువు నెలాఖరు వరకే. ఆలోగా సొంతంగా రోడ్డెక్కని బండిని కదలని వస్తువుల జాబితాలో చేరుస్తారు. (ఆ జాబితాలో ప్రస్తుతం విగ్రహాలు, ఫౌంటెన్లు, ఒక రోడ్డు రోలరు ఉన్నాయి.) చేరిందంటే మళ్లీ రోడ్డు మొహం చూడదు.

ఆ విభాగంలోని వ్యాసాధికారి సన్నటి మనిషి. బీరువా పక్కనుంచి కాగితంలా జారిపోగలడు. తలుపు గురించి ఆయనకెప్పుడూ ఫిర్యాదు లేదు.

“నకలు అంటే ఏంటి మాస్టారూ?”

“ఉన్నదాన్ని ఉన్నట్టు దించడం సార్.”

“మరి స్టీరింగు మారిస్తే ఉన్నట్టు ఉంటుందా?”

“అసలు కారుకి ఉండేది పదమూడే సార్. ఈ పదహారు మా వ్యానుది.”

“అసలు కారు మా దగ్గర లేదు. మా దగ్గర ఉన్నది పుస్తకం. పుస్తకంలో పదహారు. మీరు పుస్తకానికి నకలుగా ఉంటే చాలు.”

అయినా ఆయన దయగల అధికారి. తయారీదారు నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తెస్తే పరిశీలిస్తానన్నాడు. తయారీదారు మాస్టారే. ఆయన తనకి తానే విన్నవించుకుని, తానే ఆలోచించి, తనకి తానే సమ్మతి తెలుపుకున్నారు. అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

“రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయే!”

“రెండూ నావే సార్.”

“అదే నా అనుమానం,” అని ఫైలు మీద ఎర్ర సిరాతో గీత గీశాడు.

తర్వాత వైద్యుడి ధ్రువపత్రం. పొట్ట తగ్గించుకోవడానికి దరఖాస్తుదారు నిజాయితీగా ప్రయత్నించారా అని. వైద్యుడు మాస్టారి దగ్గరే బట్టలు కుట్టించుకుంటాడు, ఆయన నడుము నలభై నాలుగు. ఏ ప్రశ్నా లేకుండా సంతకం పెట్టేశాడు. చివరికి నెలాఖరు రోజున, ముద్ర వేసిన స్కేలు పట్టుకుని, అటెండరుని వెంటబెట్టుకుని వ్యాసాధికారి షెడ్డుకే వచ్చాడు.

“ఇబ్బంది ఏంటో చూపించండి.”

మాస్టారు చూపించారు. సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయారు. అధికారి చక్రం కొలిచి, చుట్టూ తిరిగి, ఇలా రాసుకున్నాడు: దరఖాస్తుదారుకి ఇబ్బంది ఉన్నది. చక్రానికి ఏ ఇబ్బందీ కనబడలేదు. ఆ తర్వాతే అటెండరూ, భార్యా కలిసి మాస్టారిని బయటికి లాగారు.

“చూడండి మాస్టారూ, చక్రం మార్చాలంటే ఫైలు పైకి పంపాలి. ఆర్నెల్లు. డ్రైవరుని మార్చడం మాత్రం నా చేతిలో పని, ఇప్పుడే అయిపోతుంది. ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?”

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, తలుపు తెరిచి, ఒక్క ఊపులో సీట్లో కూర్చుంది. చేతులు రెండూ ఆ పాత స్టీరింగు మీద ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. పదిహేనేళ్ల అరుగుదల అక్కడే ఉంది మరి. కారు ఆవిడకే కొలతలు తీసి కుట్టినట్టుంది.

మాస్టారు గబగబా వెళ్లి కారు తలుపు పట్టుకున్నారు. “అది కాదే... మొదటిసారి నేను...”

“పక్క సీటు నాదే అని పదకొండేళ్లుగా అంటున్నారుగా,” అంది ఆవిడ మెల్లగా. “ఇవాళ్టికి మీకిచ్చేశాను. ఎక్కండి, మళ్లీ చీకటి పడితే రేపటికి ఇది విగ్రహం అయిపోతుంది.”

అధికారి బానెట్ మీదే ఫారం పెట్టి సంతకం చేశాడు. సమస్య అన్న గడిలో ‘చక్రం పెద్దది’ అని, పరిష్కారం అన్న గడిలో ‘భర్తను పక్కకి జరిపాము’ అని రాశాడు. (విభాగం చరిత్రలో పైకి వెళ్లకుండా తేలిన మొదటి ఫైలు ఇదే. ఆ తర్వాత కొత్తగా చేరేవాళ్లకి దీన్ని పాఠంగా చూపిస్తున్నారు.)

మాస్టారు లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టి పెట్టిన పదమూడు అంగుళాల స్టీరింగు తెచ్చుకుని పక్క సీట్లో కూర్చున్నారు. అక్కడ పొట్టకి అడ్డేమీ లేదు. ఆవిడ స్టార్టు చేయగానే కారు ఒక్కసారి గర్జించింది. ఆయన ఒళ్లోని స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నారు. సంతోషమో ఉక్రోషమో ఆయనకే తెలీలేదు.

“మెల్లగా, మెల్లగా! గేటు తగుల్తుంది!”

“తెలుసండీ.”

బండి వీధి చివర కుడికి తిరిగింది. గేటు దగ్గర నిలబడి చూస్తున్న వ్యాసాధికారి కళ్లజోడు సర్దుకుని, ఫైలు తెరిచి, చివరి పేజీలో ఒక మాట చేర్చాడు: ‘మలుపు దగ్గర పక్క సీటులో కూడా ఒక చక్రం కుడికి తిరిగినట్టు గమనించడమైనది. అది దేనికీ కలిపి లేదు కనుక అభ్యంతరం లేదు.’