వేషం కాదు మొర్రో

మా వీధి ప్రజలు సాహసం లేని జీవితం గడుపుతున్నారని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఈ సంగతి మాకూ తెలియదు. పొద్దున లేచి వీధి మొదట్లో ఉన్న మురికి కాలవను ఎగిరి దూకడం, దూకలేనివాళ్లు అందులో పడడం, పడినవాళ్లను తాడేసి లాగడం, ఇదే జీవితమనుకుంటూ వచ్చాం. బెంగళూరు నుంచి మోహన్‌కృష్ణ అనే శిక్షకుడు వచ్చి, తిరుపతిలో ఒక చల్లటి హాల్లో మా కళ్లు తెరిపించాడు.

కాలవ మీద ఒకప్పుడు రాతి పలక ఉండేది. ఎన్నికల ప్రచార బండి ఎక్కడంతో రెండు ముక్కలైంది. అభ్యర్థి బండి దిగి, విచారం వెలిబుచ్చి, గెలిస్తే కొత్తది వేయిస్తానన్నాడు. గెలిచాడు. వేయించాడు. ఆయన ఇంటి ముందర.

అప్పటి నుంచి నా భార్య గంగులమ్మ ఇడ్లీ బండి వీధి లోపలే చిక్కుకుపోయింది. బస్టాండు దగ్గర అమ్ముకునే మనిషి ఇప్పుడు మా వీధిలోనే, ఇంట్లో తినేసి వచ్చి ఊరికే నిలబడేవాళ్లకు అమ్ముతోంది.

నేనెవరో చెప్పలేదు. తిరుపతి నుంచి పాకాల పోయే దారిలో ఉన్న ఈ పట్టణంలో ప్రతి ధర్నాలోనూ మైకు పట్టే మునికుమార్‌ని. చదువు ఆరో తరగతిలోనే నన్ను వదిలేసింది. మిగతాది గోడల మీద రాతలు చదివి, మళ్లీ గోడల మీదే రాసి నేర్చుకున్నాను. నా గొంతు పాకాల జంక్షను దాకా వినబడుతుందని పేరు. మా వీధి మొదట్లోని కాలవ మాత్రం వినిపించుకోలేదు.

‘మీ అనుదిన జీవితంలో సాహసాన్ని వెలికితీయండి’ అన్న కరపత్రం చూసి, ఇది కష్టజీవులను అవమానించడమేనని నిరసన తెలపడానికి ఆ హాలుకు పోయాను. భోజనాలయ్యాక తెలుపుదామని కూర్చున్నాను. భోజనంలో పాయసం ఉండడంతో నిరసన సాయంత్రానికి వాయిదా పడింది. ఈలోగా కళ నన్ను పట్టుకుంది. రాసిపెట్టుకున్న మాటలు లేకుండా అప్పటికప్పుడు ఆడే నాటకమట. దానికి ఒకే సూత్రం: ఎదుటివాడు ఏమన్నా కాదనకూడదు. ‘అవును’ అని, దానికి ఇంకొకటి కలపాలి. వాడు ‘నువ్వు ఒంటెవి’ అంటే, ‘అవును, నాకు రెండో గూని మొలుస్తోంది’ అనాలి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాదు, కూడదు, నశించాలి అన్న మూడు మాటలతోనే ఇన్నాళ్లూ బతుకు లాగించానే అనిపించింది. చివరి ఆటలో నన్ను చెట్టుగా నిలబడమన్నారు. నరకడానికి వచ్చిన కుర్రాడి మీద నినాదాలిచ్చాను. సహజంగా ఉందని శిక్షకుడు మెచ్చుకున్నాడు.

ఈ విద్యతో నేరుగా పట్టణ ఆఫీసుకు పోయాను. అక్కడ కాలవలు, రోడ్లు చూసే ఇంజినీరు పేరు ఏకాంబరం.

“కాలవ మింద రాయి కావాల సార్” అన్నాను.

“అవునప్పా, కావాల. రాయి ఒకటే ఏం సాలతాది? కాలవ పొడుగూతా మూసేద్దాం.”

“అవును సార్. మూసి దాని మింద బాట ఏద్దాం.”

“బాట పక్కన సెట్లు.”

“సెట్ల కింద బెంచీలు.”

“బెంచీల ముందర రంగురంగుల ఫౌంటెను.”

ఇద్దరం కౌగిలించుకున్నాం. అంత ఆత్మీయంగా ఆ ఆఫీసు నన్ను ఎన్నడూ సాగనంపలేదు.

“రాయి యాడయ్యా?” అని అడిగింది గంగులమ్మ.

“రాయి ఏంది మే, ఫౌంటెనే వస్తాండాది. దాని పక్కన నువ్వు బండి పెట్టుకోవచ్చు.”

“బండి ఆడికి యెట్ట పోతాది? రాయి లేదు గదా.”

అప్పుడు వెలిగింది. ఆ ఆఫీసులో ఇంతవరకు ఎవ్వరినీ కాదన్న దాఖలా లేదు. తరతరాలుగా అక్కడ వర్ధిల్లుతున్న కళను నేర్పడానికి బెంగళూరు నుంచి మనిషి రావడమే దండగ.

ఇంతలో మా గంగమ్మ జాతర వచ్చింది. తెలియనివాళ్లకు ఒక మాట. జాతరలో మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం కడతారు. ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు చుట్టుకునే రోజున, వేషగాడు ఎదురుపడినవాణ్ని ఎంత మాటైనా అనొచ్చు. ఆ తిట్లు అమ్మవారి నోటివేనని, తిన్నవాడికి పాపం పోతుందని నమ్మకం. కోపం తెచ్చుకున్నవాడికే నష్టం.

జాతర జనంలో బండి పెడితే ఏడాది కష్టం తీరుతుందని గంగులమ్మ పట్టుదల. ఆ బొగ్గు వేషం రోజు పొద్దున కాలవ మీద కొయ్య చెక్కలు పరిచి, వీధివాళ్లను పిలిచి బండిని ఎత్తించింది. ముందు వైపు పట్టుకున్నవాణ్ని నేను. ఒకడు కుడికి అన్నాడు. అవునన్నాను. ఇంకొకడు ఎడమకు అన్నాడు. అతనికీ అవునన్నాను. చెక్క జారింది. పిండి, సాంబారు, చట్నీ, నేను, వరుసగా కాలవలోకి దిగాం. బండి మాత్రం చక్రం విరిగి ఇవతలి ఒడ్డునే ఆగింది.

గంగులమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. తిట్టలేదు.

“పో ఆఫీసుకు. ఈసారన్నా అవునని రావద్దు.”

తల నుంచి కాలి దాకా నల్లటి బురద. జాతర తోరణంలోంచి రాలిన వేపమండ ఒకటి మెడకు తగులుకుని ఉంది. నేను చూసుకోలేదు. ఆఫీసులోకి దూరి, నా జీవితంలో మొట్టమొదటిసారి మైకు లేకుండా, అబద్ధం లేకుండా, లోపల ఉన్నదంతా కక్కాను. ఆ మాటలు అచ్చు వేయడానికి పనికిరావు.

ఏకాంబరం లేచాడు. చెప్పులు విడిచాడు. చేతులు జోడించాడు.

“ఏం వేషం కట్టినాడప్పా. వాసన గూడా తెచ్చినాడు.”

“వేషం కాదురా, మీ కాలవ!”

“అవును తల్లీ, మా కాలవే. ఇంకా తిట్టు.”

గుమాస్తా రాజశ్రీ ముందుకొచ్చింది. “అన్నా, నన్ను గూడా ఒక మాట అను. సిత్తూరుకు ట్రాన్స్‌ఫర్ కావాల.”

ఆమె ఏం తప్పు చేసిందో తెలియక కాస్త తడబడ్డాను. తర్వాత అందుకున్నాను. ఆమె వెనక వరుస కట్టారు. నిజం చెప్పాలంటే, నలుగురైదుగురు అయ్యేసరికి నాకు రుచి పట్టింది. నా ఉపన్యాసం చివరిదాకా విన్నవాడు ఈ పట్టణంలో అంతవరకు లేడు. ఇక్కడ కళ్లు మూసుకుని వింటున్నారు, ఇంకొకటి కావాలంటున్నారు. మెడలో దండ వేశారు. చప్పట్లు కొట్టారు. గేటు దాటాక గుర్తొచ్చింది, రాయి సంగతి అడగనే లేదని.

మర్నాడు ఆఫీసు మొత్తం మా వీధికి కదిలొచ్చింది. అంతటి వేషం పుట్టిన చోటు మామూలు చోటు కాదని తేల్చారు. కాలవ విరిగిన అంచుకు పసుపు పూసి, కుంకుమ పెట్టారు. రాళ్లు కూడా వచ్చాయి. నాలుగు వచ్చాయి. వాటిని మూలకొకటిగా నిలువునా పాతి, చుట్టూ ఇనుప కంచె కట్టి, దీన్ని మూయడం మహాపాపమని బోర్డు పెట్టారు. ఏకాంబరం ప్రసంగించాడు.

“ప్రజలారా, సాహసం కోసరం యాడికో పోబళ్లేదు. మన కాలవలోనే ఉండాది. దాన్ని కాపాడుకునే బాధ్యత మనందరిదీ.”

చప్పట్లు. నన్ను పిలిచి, వచ్చే జాతరకు కూడా ఆఫీసును నేనే తిట్టాలని, ఆహ్వానం తప్పకుండా పంపుతామని చెప్పాడు. కాదనకూడదు కాబట్టి అవునన్నాను. కొత్త తిట్లు సాధన చేస్తున్నాను.

“ఇన్నాళ్లూ బండే దాటేది కాదు” అంది గంగులమ్మ. “ఇప్పుడు మనుసులు గూడా ఎనక గోడ దూకి పోవాల. నిన్ను గూడా ఆ కంచె లోపల పెట్టి తాళమేసింటే సరిపొయ్యుండు.”

చదువుతున్న మీకు కూడా ఇందులో నాలుగు మాటలు తగిలే ఉంటాయి. మీరు కోపం తెచ్చుకోలేదు. బాగా తిట్టాడని నవ్వుకుని, పక్కవాళ్లకు చూపించే ఉంటారు. సంతోషం. మీ పాపం పోయింది.

గంగులమ్మ బండి మాత్రం ఇంకా కాలవకు ఇవతలే ఉంది.