జంక్‌లో పడ్డ శాలువా

ఆ బుధవారం పొద్దున్న వెంకటరమణమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిను అయ్యాక, బెల్లం మార్కెట్‌కు బయలుదేరేలోగా, కంప్యూటర్‌లో పేరుకున్న చెత్త మెయిళ్ళు ఊడ్చెయ్యాలి. ఊడిస్తే వర్తక సమాఖ్య నుంచి రావలసిన మెయిలు అడుగున ఎక్కడైనా పడి ఉందేమో తెలుస్తుంది.

సమాఖ్య ఏటా వార్షికోత్సవంలో జిల్లాలోని ఒక వర్తకుడికి సన్మానం చేస్తుంది. శాలువా, దండ, జ్ఞాపిక, మైకు ముందు కాసేపు మాట్లాడే అవకాశం. నిరుడు ఆ శాలువా ఎలమంచిలిలో బియ్యం వ్యాపారం చేసే దేవీప్రసాద్‌కు పడింది. అతను మూర్తి భార్య సూర్యకాంతమ్మకు తమ్ముడు. అది మొదలు ఏ పెళ్ళికి వచ్చినా అతను శాలువాతోనే వచ్చాడు, మే నెలలో కూడా. ఈ ఏడు వంతు తనదని మూర్తికి నమ్మకం. పట్టు లాల్చీ కుట్టించాడు. అద్దం ముందు ఉపన్యాసం అప్పజెప్పుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడిగి కప్పించుకుంటే అది సన్మానం కాదు.

“శ్రావ్యా! ఒకసారి రామ్మా. లాటరీ తగిలిందని ఒకడు, జుట్టు మొలిపిత్తానని ఒకడు. నాకు జుట్టు లేదని వీళ్ళకెవరు చెప్పేరమ్మా?”

కోడలు శ్రావ్య ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి కంప్యూటర్ పని చేస్తుంది. వచ్చి ఇన్‌బాక్స్ అంతా వెతికింది. సమాఖ్య మెయిలు లేదు. ఇంకా పంపలేదన్నమాట.

“ఫిల్టర్ పెడతాను మామయ్యా. ‘అభినందనలు’, ‘మీరు ఎంపికయ్యారు’ అని ఉన్న మెయిలు ఏదొచ్చినా నేరుగా జంక్ ఫోల్డర్‌లోకి పోతుంది. మీ కంటపడదు.”

“బాగుంది. మరి వాడికి జవాబో?”

“జంక్‌కి జవాబేంటి మామయ్యా!”

“మా నాన్న కాడి నుంచీ మన కొట్టు మెట్టెక్కినోడిని జవాబు చెప్పకుండా పంపలేదమ్మా. సరుకు వద్దంటే వద్దని మొహమ్మీదే చెప్పాలి.”

“జవాబిస్తే ఇక్కడ మనిషున్నాడని తెలిసి ఇంకా పంపుతారు.”

“పంపనీ. ఇంకోసారి చెప్దాం.”

వంటింట్లోంచి సూర్యకాంతమ్మ కేకేసింది. “పెట్టేయమ్మా శ్రావ్యా. నా మీద అరిచే అరుపులేవో ఆ మిషన్ మీద అరుత్తారు.”

శ్రావ్య పెట్టింది. జంక్‌లో పడిన ప్రతి మెయిలుకూ దానంతట అదే జవాబు వెళ్తుంది. జవాబు మూర్తి నిలబడి చెప్పాడు. “నాకు ఇవేవీ అక్కర్లేదు. నా కష్టం మీద నేను బతుకుతున్నాను. ఇలాంటివి లేకపోతే గడవనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు ఇచ్చుకోండి. నన్ను మళ్ళీ అడగవద్దు. ఇట్లు, వెంకటరమణమూర్తి, బెల్లం వర్తకుడు.”

ఆ పూట ఆయన మార్కెట్‌కు వెళ్ళలేదు. తెర ముందు కూర్చుని, ఎవరికి వెళ్ళిందో చూడకుండానే, వెళ్ళిన జవాబుల లెక్క పెరిగినప్పుడల్లా తొడ చరిచాడు. “పడింది! అదుగో, ఇంకోడికి పడింది!”

మధ్యాహ్నం పడింది రామ్‌గోపాల్‌కు. అతను సమాఖ్యకు కొత్త కార్యదర్శి. రికార్డు ఉంటుందని ప్రతి పనీ మెయిలులోనే చేస్తాడు. ‘అభినందనలు. ఈ ఏటి సన్మానానికి మీరు ఎంపికయ్యారు’ అని మొదలుపెట్టాడు. ఫిల్టర్‌కు అంతకు మించి అక్కర్లేదు. మూర్తి కుర్చీలోంచి లేచి మరీ తొడ చరిచాడు.

జవాబును రామ్‌గోపాల్ కమిటీకి చదివి వినిపించాడు. శాలువా వద్దన్న వర్తకుణ్ణి కమిటీ అంతవరకు చూడలేదు. ఒట్టి శాలువా ఆయన స్థాయికి చాలలేదేమోనని, ‘బెల్లం భూషణ’ బిరుదు, గుర్రపు బండి మీద ఊరేగింపు కలిపి మళ్ళీ ‘అభినందనలు’ రాశారు. అదే జవాబు వచ్చింది. ఆఫీసు గోడకు ఆయన నిలువెత్తు పటం పెడతామని రాశారు. అదే జవాబు.

“ఒక్క అక్షరం మారలేదు” అన్నాడు రామ్‌గోపాల్. “మాట అంటే అదండీ. ఇంక ఆయన ముందు ఈ విషయం ఎత్తకూడదు.”

ఆయన ముందు ఎవరూ ఎత్తలేదు. వెనక ఊరంతా ఎత్తింది. మూర్తి మార్కెట్‌లోకి అడుగుపెడితే తూకాల దగ్గరివాళ్ళు లేచి నిలబడ్డారు. వేలంలో ఆయన పాట పాడితే పక్కవాడు తగ్గాడు. రామ్‌గోపాల్ ఎదురై చేతులు జోడించాడు.

“మూర్తిగారూ, నేను ఆ సంగతి ఎత్తను.”

“నేనూ ఎత్తను బాబూ. సభలోనే చూసుకుందాం.”

“తప్పకుండా రావాలి. ముందు వరసలో కుర్చీ వేయిత్తాను.” రామ్‌గోపాల్ కళ్ళు తుడుచుకున్నాడు.

మూర్తి ఇంటికి దాదాపు పరిగెత్తాడు. “సూర్యకాంతం! ఖాయం! కళ్ళంట నీళ్ళెట్టుకున్నాడు!”

“శాలువా కప్పడానికి ఏడుపేటండీ?”

ఆమె మాట పూర్తికాకముందే ఫోను మోగింది. ఎలమంచిలి నుంచి దేవీప్రసాద్.

“బావా, నీ సంగతి తెలిసిన కాడి నుంచీ ఈ శాలువా కప్పుకుంటే ముళ్ళు గుచ్చుకున్నట్టుంది. ఆదివారం సభలో అందరి ముందూ నేను చెయ్యాల్సింది చేసేత్తాను.”

“చెయ్ ప్రసాదూ! నీ చేత్తోనే చెయ్!” మూర్తి ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. “మీ తమ్ముడే కప్పుతాడట. తనదే తెత్తాడేమో, కొత్తది కొనమని చెప్పు.”

ఇక ఆగలేదు. నక్కపల్లి వాళ్ళకు, ఉప్మాక వాళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. వ్యాను కుదిరింది. ఫోటోగ్రాఫర్ కుదిరాడు. పట్టు లాల్చీకి ఇస్త్రీ రెండుసార్లు జరిగింది.

ఆదివారం సాయంత్రం హాల్లో మూడు వరసలు మూర్తి చుట్టాలే. శ్రావ్య వీడియో తీయడానికి ఫోను ఎత్తి పట్టుకుంది. రామ్‌గోపాల్ మైకు ముందుకు వచ్చాడు.

“ఈ ఏటి సన్మానం గురించి చెప్పే ముందు ఒక మహానుభావుడి లేఖ చదువుతాను. ఆయన పేరు చెప్పను. చెబితే బాధపడతారు.”

హాలంతా మూర్తి వైపు తిరిగింది. మూర్తి లాల్చీ సర్దుకున్నాడు.

“నాకు ఇవేవీ అక్కర్లేదు. నా కష్టం మీద నేను బతుకుతున్నాను...”

శ్రావ్య ఫోను దించేసింది. “మామయ్యా” అంది గొంతు తగ్గించి. “మన ఫిల్టర్.”

“...ఇలాంటివి లేకపోతే గడవనివాళ్ళు చాలామంది ఉన్నారు.” రామ్‌గోపాల్ కాగితం మడిచాడు. “ఇది విన్నాక ఇంకొకరికి శాలువా కప్పే మొహం మాకు లేదు. ఈ ఏటి నుంచి సమాఖ్య సన్మానాలు రద్దు!”

చప్పట్లు మోగాయి. దేవీప్రసాద్ వేదిక ఎక్కి, మడత పెట్టిన తన శాలువాను బల్ల మీద పెట్టి దిగిపోయాడు. అంతకు ముందేడు కప్పించుకున్నాయన వెళ్ళి తనదీ పెట్టాడు. ఆ ముందేడాయన తన శాలువా తెమ్మని ఇంటికి మనిషిని పరిగెత్తించాడు. బల్ల మీద శాలువాలు పేరుకున్నాయి.

మూర్తి లేచాడు. “అది కాదండీ, నాకసలు...”

“కూర్చోండి మూర్తిగారూ, కూర్చోండి” అన్నాడు రామ్‌గోపాల్. “మిమ్మల్ని ఇంకేం ఇబ్బంది పెట్టం.” చప్పట్లు రెట్టింపయ్యాయి. మూర్తి కూర్చున్నాడు. చేసేదేమీ లేక తనూ చప్పట్లు కొట్టాడు.

ఉప్మాక నుంచి వచ్చిన ఆడపడుచు సూర్యకాంతమ్మ వైపు ఒంగింది. “అన్ని శాలువాలుంటే మా అన్నయ్యకి ఒక్కటీ కప్పరేటి వదినా?”

“ఆయనకి గిట్టవట వదినా.”

గుమ్మం దగ్గర వ్యాను దిగుతూ సూర్యకాంతమ్మ అంది. “పోన్లెండి. వచ్చే వేసవికి మా తమ్ముడు చెమట్లు పట్టకుండా తిరుగుతాడు. ఆ పుణ్యం మీదే.”

మర్నాడు పొద్దున్న శ్రావ్య ఫిల్టర్ తీసేసింది. కాసేపటికే ఒక మెయిలు వచ్చి ఇన్‌బాక్స్‌లో పడింది. ‘అభినందనలు. మీరు ఎంపికయ్యారు.’ పంపింది ఏదో విదేశీ లాటరీ. శ్రావ్య దాన్ని తొలగించబోయింది.

“ఉండనీమ్మా” అన్నాడు మూర్తి.

అది ఇప్పటికీ ఉంది.