ఎల్ పాసోపుర మూతరక్షణ పర్వం

జయము జయము! ఎంతటి మొండి కండనైనా మెత్తబరచి, ఎంతటి పొగరుబోతు ఎముకనైనా తన మాంసము నుండి వేరుపరచి, పొగలేక, మంటలేక, చప్పుడులేక ఎనిమిది గంటలు మౌనవ్రతము పూని కూర్చుండు ఓ మందాగ్ని భాండమా, నీకు మ్రొక్కి ఈ గాథ చెప్పబూనితిని. వైద్యులు మందాగ్నిని జబ్బు అంటారు. వాళ్ళకేం తెలుసు, వాళ్ళు వంట చేస్తారా?

రియో గ్రాండే నదీతీరంబున, నీళ్ళకంటె కంచెలే ఎత్తుగా పొంగిన సరిహద్దు దాపున, ఎడారి ధూళి ధూసరిత గృహపంక్తి విరాజితమును, ప్రతి గృహ శునక ప్రభాతగాన ముఖరితమును అగు ఎల్ పాసో మహాపురమున, దిగువపేటను, కెర్మేస్ అని పేరుగన్న చర్చి జాతర జరుగు ఆగస్టు మాసపు ఆదివారమున, సూర్యభగవానుడింకను దుప్పటి తీయక బద్ధకించుచుండగా, సరిగ్గా అయిదు గంటల పది నిమిషాల శుభముహూర్తమున, గ్రిసెల్డా అను వీరనారి స్లో కుక్కరుపై గాజుమూత మూసెను. మీట తిప్పి సన్నసెగకు పెట్టెను. యంత్రం మీద చిన్న ఎర్రదీపం వెలిగింది.

ఆ భాండగర్భమున నాలుగు కిలోల గొడ్డు భుజమాంసము, అరచేతి వెడల్పు ముక్కలుగా ఖండితమై, ఇనుపపెనముపై నలువైపులా ఎర్రగా కాలి, నానబెట్టి నూరి వడగట్టిన గ్వహీయో, ఆంచో నామధేయ ఎండుమిరపకాయల రక్తవర్ణ ద్రవమున గొంతుదాకా మునిగి, లశున పలాండు జీరక పరిమళ పరివేష్టితమై, పైన రెండు బిర్యానీ ఆకులు కప్పుకొని, తన అంత్యకాలమునకై వేచియుండెను. వేయించిన మిరపకాయల ఘాటుకి ఇల్లంతా దగ్గినా గ్రిసెల్డా ఒక్కతే దగ్గలేదు. అలవాటు.

ఇంత ఆరాటం దేనికంటారా? చెబుతాను. చర్చి జాతరలో బురీటోల దుకాణమును ముప్పదియొక్క ఏండ్లుగా ఏకచ్ఛత్రముగా ఏలినది గ్రిసెల్డా అత్తగారు, దోన్యా ఎర్మెలిందా. కట్టెలపొయ్యి మీద ఇనుపడేగిసాలో మాంసముడికించి, తన పది వేళ్ళతో దానిని దారముల వంటి పీచులుగా విడదీసి, వేడి రొట్టెలో చుట్టి చేతికిచ్చే ఆ మహారాజ్ఞికి గత ఏడాది కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. డేగిసా ఎత్తలేదు, పీచు తీయలేదు, జపమాల పూసలు తిప్పడానికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. చెప్పుకోదు గానీ వీధిలో అందరికీ తెలుసు.

వారం క్రితం కోడల్ని పిలిచి ఆ సామ్రాజ్ఞి పలికిన శాసనం ఇది.

“నా వేళ్ళు చూశావుగా. నిమ్మకాయ కూడా పిండలేను. ఆదివారం ఒంటిగంటన్నరకి పికప్ బండి బయల్దేరుతుంది. ఆలోపు నీ మాంసం నేనే, ఈ వేళ్ళతోనే లాగి చూస్తా. కత్తి ముట్టను, ఫోర్కు ముట్టను. పీచులుగా వచ్చిందా, దుకాణం నీది. రాలేదా, పక్కవీధి అంపారోకి ఇచ్చేస్తా.”

“అంపారోకా? ఆవిడ మాంసంలో బంగాళాదుంప కలుపుతుంది అత్తయ్యా!”

“తెలుసే. అందుకేగా ముందు నీకు చెప్పింది. డేగిసాలో వండు.”

“నేను డేగిసా ఎత్తలేను, మీరూ ఎత్తలేరు. నా కుక్కర్లో వండుతా.”

“ఆ ప్లగ్గు కుండలోనా! నిప్పు లేదు, పొగ లేదు. మాంసానికి భయమెలా వస్తుందే?”

భయం సంగతి తర్వాత. అసలు గండం మూత దగ్గరుంది. ఈ పేటలో వంటింట్లో అడుగుపెట్టిన ప్రతి ప్రాణీ, చుట్టమైనా, పొరుగైనా, కరెంటు మీటరు చూడవచ్చినవాడైనా, పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి, కళ్ళు మూసుకొని వాసన పీల్చి, ‘ఆహా’ అనాలి. అది మర్యాద. మూత ఎత్తకుండా వెళ్ళిపోయినవాడు ఆ ఇంటి వంటను ఈసడించినట్టే. డేగిసాకు ఈ మర్యాద వల్ల నష్టం లేదు, కింద మంట ఉంది కదా. కానీ సన్నసెగ కుక్కరు మూత ఒక్కసారి ఎత్తితే లోపల గంటలకొద్దీ కూడబెట్టుకున్న ఆవిరి ఆకాశమార్గము పట్టును. దాన్ని మళ్ళీ కూడబెట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పోయినేడు బారసాల విందుకి పదకొండుమంది మర్యాదస్తులు మూత ఎత్తారు. ఆ రోజు మాంసాన్ని గ్రిసెల్డా మొగుడు రోహెలియో, టైర్ల షాపు యజమాని, స్వయంగా పరీక్షించి తన సరుకుతో పోల్చాడు.

కావున లెక్క ఇది: అయిదూ పదికి ఎనిమిది గంటలు కలిపితే ఒంటిగంటా పది. గడువు ఒకటిన్నర. మిగులు ఇరవై నిమిషాలు. అంటే ఒక్క మూత.

ఆ ఒక్క మూతనూ ఏడు గంటలకే రోహెలియో ఎత్తేశాడు.

గ్రిసెల్డా స్నానానికి వెళ్ళిన అదను కనిపెట్టి, ఉండచుట్టుకుపోయిన బనియనుతో, నిద్రాముద్రిత నేత్రుడై, ఆకలి ప్రేరిత పాదుడై వంటింట ప్రవేశించిన ఆ మహానుభావుడు, కాఫీ గిన్నెకై చాపిన హస్తమును దారి మళ్ళించి మూతను పెకలించి, ముక్కు లోపల పెట్టి, ‘ఆహా’ అన్నాడు. ఆ ‘ఆహా’ స్నానాలగదిలోకి వినబడింది. తడిజుట్టుతో పరుగున వచ్చిన గ్రిసెల్డా అప్పుడు పలికిన పలుకులను నా తోటి కవులైతే ఇట్లు చెప్పుదురు: “ఓరీ, ధృతిహీన! ఉదరైకపరాయణ! నా సంచితోష్ణ సర్వస్వమును ఒక్క ఉచ్ఛ్వాసమున హరించితివే!” నేను గోడ పక్కింట్లోనే ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాణ్ణి. ఆమె అన్నది ఇది:

“చెయ్యి తియ్యి. తియ్యమంటున్నానా! మెదడు గానీ పడుకుందా నీకు?”

“ఊరికే వాసన చూశానే. ఒక్క సెకను.”

“ఆ సెకనుకి ఇరవై నిమిషాలు పోయాయి. ఇంక నాకు మిగిలింది సున్నా. అర్థమైందా? ఇంకెవరు ఎత్తినా దుకాణం పోయినట్టే.”

“పోనీ సెగ పెంచు. పెద్దది పెడితే సరి.”

“పెద్ద సెగ పెడితే తాళ్ళలా బిగుసుకుంటుంది. పోయినేడు చివర్లో అదేగా చేశాను. మీ షాపుకి పో.”

“ఆదివారమే!”

“అయినా పో.”

పోయాడు పాపం. అనంతరము ఆ ధీరురాలు ఏకాంతమున నిలిచి ఆలోచన చేసెను. మూతకు ప్లాస్టరు అంటించుదమా? ఆవిరికి ఊడును. తాడు కట్టుదమా? ఈ పేటవాళ్ళకు ముడులు విప్పడం సరదా. కాగితం మీద ‘ముట్టవద్దు’ అని వ్రాయుదమా? అది చదివినవాడు తప్పక ముట్టును. అప్పుడామె చూపు హాలులోని గూటిపై పడెను. అక్కడ జానెడెత్తు ప్రతిమగా గ్వాదలూపే మేరీమాత, నీలిశాటి పరివృతయై, చేతులు జోడించి నిలిచియుండెను. గ్రిసెల్డా సిలువ గుర్తు వేసుకుని, “తల్లీ, ఒక్క పూట ఓర్చుకో” అని బతిమాలి, కింద నాలుగు మడతల తువ్వాలు వేసి, అమ్మవారిని గాజుమూత మీద ప్రతిష్ఠించింది. ఈ ఊళ్ళో అమ్మవారిని పక్కకు నెట్టి మాంసం వాసన చూసేవాడు పుట్టలేదు.

తొమ్మిదిన్నరకు వైరిపక్షము కదిలివచ్చెను. బంగాళాదుంప ధ్వజాంకితయు, తీపిరొట్టెల పళ్ళెము కపటోపాయనముగా ధరించినదియు, ఇతరుల గిన్నెలలోనికి తొంగిచూచుటయందు ఈ సరిహద్దుకు ఇరువైపులా సాటిలేనిదియు అగు అంపారో, తలుపు తట్టకుండానే లోపలికొచ్చేసింది.

“ఏమ్మా గ్రిసెల్డా! రొట్టెలు తెచ్చాను, తినండి. అబ్బ, వాసన గేటు దాకా వస్తోంది. ఏదీ, చూడనీ.”

“ఎందుకు శ్రమ పిన్నిగారూ...”

ఆ దక్షిణహస్తము గాలిలోనికి లేచినది, వంటబల్లను దాటినది, మూత బుడిపెను సమీపించి, అంతలో అమ్మవారి చల్లని చూపు తగిలి, గాలిలోనే నిలిచిపోయి, నుదుటికి మళ్ళి, రొమ్ముకు దిగి, రెండు భుజాలు తాకి, ముద్దు పెట్టించుకుని ఒడిలోకి చేరింది. మూత ఎత్తబోయిన చెయ్యి సిలువ గుర్తు వేసుకుని ఇంటికి పోయిన ఘట్టము మరే చరిత్రలోనూ నేనెరుగను.

“ఇదేంటమ్మా, అమ్మవారిని ఇక్కడ పెట్టావు?”

“మొక్కు, పిన్నిగారూ.”

“ఓహో. ఎంత వేశావు జీలకర్ర?”

“మొక్కున్నప్పుడు చెప్పకూడదు.”

అంపారో పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళింది. తరువాత పోస్టాఫీసు బావగారు, ఎదురింటి కవలలు, బల్లలు మోయవచ్చిన చర్చి కుర్రాళ్ళు, అందరూ వచ్చారు, అందరూ సిలువ గుర్తు వేసుకున్నారు. ఆ రోజు ఆ వంటింట్లో జరిగినన్ని ప్రార్థనలు చర్చిలో జరగలేదు. గ్రిసెల్డా ఆ తీపిరొట్టె ఒకటి తిని, గెలిచేశానని అనుకుంది.

పదకొండింటికి దోన్యా ఎర్మెలిందా వచ్చింది.

ప్రార్థన నుండి నేరుగా, నల్లశాలువ భుజాన వేసుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంటింటి గడపలో నిలబడింది. కోడలు ధైర్యంగానే ఉంది. అత్తగారంతటి భక్తురాలు పేటలో లేదు కదా. కానీ ఓ శ్రోతలారా, భక్తిని లెక్కేసిన గ్రిసెల్డా ఆ భక్తి ఎటు తిరుగుతుందో లెక్కెయ్యలేదు.

“అయ్యో అయ్యో! అమ్మవారిని పొయ్యి మీద కూర్చోబెట్టింది ఎవరే? తల్లికి సెగ తగలదూ! పాదాలు చూడు, ఎంత వెచ్చగా ఉన్నాయో. క్షమించు తల్లీ, ఈ పిల్లకి బుద్ధి లేదు.”

ఉబ్బిన రెండు చేతుల మధ్య అమ్మవారిని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, పాదాలు ముద్దుపెట్టుకుని, ఫ్యానుకు ఎదురుగా కిటికీలో నిలబెట్టింది. వెనుదిరిగింది. ముప్పైయొక్క ఏళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి మూత బుడిపె మీద వేసింది.

గ్రిసెల్డా ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

ఇక్కడ మేఘములు గర్జించెనని, భూమి కంపించెనని వ్రాయవలెనని నాకు చాలా ఉంది. కానీ ఫ్యాను తిరిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ కోడలు ఆ అత్త చెయ్యి పట్టుకుని ఆపడం అదే మొదలు. ఆమెకు భయమేసింది.

“ఎత్తొద్దు అత్తయ్యా.”

“ఏంటే?”

“ఎత్తొద్దు. మీరు ఎత్తితే లోపల సెగంతా పోతుంది, మాంసం గట్టిగా ఉండిపోతుంది. గట్టిదాన్ని ఎవరైనా లాగుతారు, మీ అబ్బాయి లాగుతాడు, అంపారో లాగుతుంది. మీరే లాగలేరు. మీ వేళ్ళకి రావాలనే తెల్లారకముందు లేచాను. దుకాణం ఎవరికైనా ఇచ్చుకోండి, కానీ ఎత్తొద్దు.”

ముసలామె తన వేళ్ళ వంక చూసుకుంది. కోడలి వంక చూడలేదు. చెయ్యి తీసింది.

“కుర్చీ ఇటు తే,” అంది. “ఆ చెక్క గరిటె కూడా.”

ఆ తరువాతి రెండున్నర గంటలు అభేద్యమగు దుర్గమొకటి ఆ వంటింట వెలసెను. నల్లశాలువయే కోటగోడగా, చెక్కగరిటెయే గదగా, దోన్యా ఎర్మెలిందా కుక్కరు ముందు కూర్చుండి, మూతకై చాపిన ప్రతి చేతి మణికట్టును గురితప్పక కొట్టెను. సర్దుకుపోదామని వచ్చిన రోహెలియోకి రెండు తగిలాయి.

“అమ్మా! నాకా!”

“నీకే. పొద్దున్న నువ్వే ఎత్తావటగా, దొంగవెధవా.”

రెండోసారి సంగతులు తెలుసుకుందామని వచ్చిన అంపారోకి ఒకటి తగిలింది. జీవితమంతా అందరి మూతలూ ఎత్తిన మనిషి కాపలా కూర్చుంటే దొంగలకు ఇంక దారెక్కడ?

ఒంటిగంటన్నర అయ్యింది. గ్రిసెల్డా ప్లగ్గు తీసింది. మూత ఎత్తింది. ఆవిరి తెర వెనుక ముక్కలు కరగక చెదరక, పొద్దున పెట్టినవి పెట్టినట్టే కూర్చుని ఉన్నాయి. ఉడకలేదేమో అనుకుంది. గరిటెతో ఒక్కొక్కటే పళ్ళెంలోకి తీసి, చల్లారనిచ్చి, అత్తగారి ముందు పెట్టింది.

వీధిలో పికప్ బండి హారను కొట్టింది.

దోన్యా ఎర్మెలిందా ఒక ముక్కను ఎడమచేతి కణుపులతో అదిమిపట్టి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఆనించి లాగింది. లాగింది అనడం కూడా ఎక్కువే. ఆనించింది. ముక్క తనంతట తానే విచ్చుకుని, ఎర్రని సన్నని పొడవాటి పీచులుగా ఆమె వేళ్ళ మధ్యకు వచ్చేసింది. ఆమె రెండో ముక్క తీసుకుంది. అదీ వచ్చింది. మూడోది. నాలుగోది. శాలువ తీసి కుర్చీ వెనక పడేసి, గౌను చేతులు పైకి మడుచుకుంది.

“అత్తయ్యా, చాలు, మిగతాది నేను తీస్తా. టైమైంది.”

“గిన్నె ఇటు జరుపు.”

“అమ్మా, బండి వాడు అరుస్తున్నాడు. నేనూ ఒక ఫోర్కు పడతాను.”

“నీ ఫోర్కు నీ నోట్లో పెట్టుకో. వాణ్ణి ఆగమను. ఏడాదిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను నేను.”

నాలుగు కిలోలూ తనే తీసింది. బండి అరగంట ఆగింది. గ్రిసెల్డా పొయ్యి వైపు తిరిగి ఏడ్చింది. మిరపకాయల ఘాటు అని చెప్పింది గానీ ఎవరూ నమ్మలేదు. ఆఖరి ముక్క అయ్యాక ముసలామె వేలు నాకి, మొహం చిట్లించింది.

“ఉప్పు తగ్గింది. వచ్చే ఏడు చూసి వెయ్యి.”

వచ్చే ఏడు! విన్నారుగా? కావున దిక్కులెల్ల ఆలకించుగాక! ఎల్ పాసోపురాధీశ్వరి కానిదియు, ఏ రాజ్యమును గెలువనిదియు, ఒకే ఒక్క గాజుమూతను ఆరున్నర గంటల కాలము ఏకధాటిగా మూసియుంచినదియు అగు గ్రిసెల్డా, చర్చి మైదానమున నాలుగు కర్రల పందిరికి, ఒక మడత బల్లకు, నలభై బురీటోలకు నిష్కంటకముగా పట్టాభిషిక్త అయ్యెను. బురీటోలు మూడింటికల్లా అయిపోయాయి.