ట్యాంకులో గరగర

పిన్ని సంచీ మూడుసార్లు సర్దింది, మూడుసార్లు విప్పింది. అక్క పోయిన నాటి నుంచి కన్నకూతురిలా పెంచుకున్న పిల్లది ఆ సంచీ. ఈరోజు పరీక్ష నెగ్గితే పిల్లకు పిన్ని పనిచేసే పురుగుమందుల గోదాములోనే ఉద్యోగం. ఇంటిపట్టునే ఉంటుంది. ఓడితే, సాయంత్రం బస్సుకు పని వెతుక్కుంటూ వేరే ఊరు.

"ఓడిపోతానని ముందే తేల్చేశావా పిన్నీ?"

"నోర్ముయ్యవే. సర్దిపెడితే వెళ్ళే పని పడదని నా ఆశ."

మందు కలిపే పెద్ద ట్యాంకులో పేరుకున్న మడ్డిని బ్రష్షు తగలకుండా వదలగొట్టాలి, అదీ పరీక్ష. పిల్ల తెచ్చిన సీసాలో సూక్ష్మజీవులున్నాయి. వాటి ఎంజైములు మందును ముక్కలు చేసి విషం విరిచేస్తాయట. ఆ ట్యాంకును ఇరవై రెండేళ్లుగా తోముతున్నది పిన్నే. పిల్లకు కాస్త సాయంగా ఉంటుందని గంట ముందే వెళ్ళి, లోపలంతా బ్లీచింగ్ నీళ్ళు చల్లిపెట్టింది.

తొమ్మిదింటికి పిల్ల సీసా ఒంపి మూత వేసింది. "మూడింటిదాకా ఎవ్వరూ ముట్టుకోవద్దు. ఇవి ప్రాణమున్నవి పిన్నీ. బ్లీచింగ్ తగిలిందంటే చచ్చి ఊరుకుంటాయి."

పిన్ని బ్లీచింగ్ వాసనొస్తున్న చేతులు కొంగుకు తుడుచుకుంది.

అందరూ భోజనాలకు కూర్చోగానే బ్రష్షు పట్టుకుని ట్యాంకులోకి దిగి, మూత దగ్గరకు లాక్కుంది. గరగరా తోముతుంటే బయట వాచ్‌మన్ గొంతు వినిపించింది.

"సార్, సార్! ట్యాంకులో చప్పుడు!"

మేనేజరు పరుగున వచ్చి చెవి ఆనించాడు. "వీటి దుంప తెగ! నమిలేస్తున్నాయయ్యా!"

పిన్ని బ్రష్షు ఆపేసింది.

"ఆగిపోయింది సార్."

"మనం వింటున్నామని సిగ్గుపడ్డాయి. పద పద, కడుపారా తిననీ." ఆయన పెద్దాఫీసుకు ఫోను చేయడానికి పరిగెత్తాడు.

మూడింటికి మూత తీస్తే ట్యాంకు అద్దంలా ఉంది. పిల్ల గోడలు తుడిచి పరీక్షించింది. మందు జాడే లేదు.

"వీటికి చప్పుడుండదు కదండీ..." అని గొణిగింది. ఎవరూ వినిపించుకోలేదు. పిన్ని నానిపోయిన చేతులు వెనక్కి దాచుకుంది.

"అమ్మాయీ, పెద్దాఫీసువాళ్ళు ఎగిరి గంతేశారు!" అన్నాడు మేనేజరు. "ఇంత పనిమంతురాలిని ఒక్క గోదాముకు కట్టిపడెయ్యడమేంటన్నారు. అన్ని ఊళ్ళ ట్యాంకులూ నీవే. ఇవాళే బయల్దేరు."

"మరి ఇక్కడి ఉద్యోగమో?" అంది పిన్ని.

"ఇక్కడ ఉద్యోగమేముంది? ఇక ట్యాంకులు వాటంతటవే శుభ్రమైపోతాయిగా. నువ్వూ రేపట్నుంచి రానక్కర్లేదు."

నిజం చెప్పినా బస్సే, చెప్పకపోయినా బస్సే. చెబితే పిల్ల తలొంచుకుని ఎక్కాలి. పిన్ని చెప్పలేదు.

"నెల తిరిగేసరికి వచ్చేస్తా, ఏడవకు పిన్నీ."

"ఏడుపు కాదే, మందు ఘాటు."

ఇదంతా జరిగి పదకొండేళ్లు. ఆ మార్చి నాలుగో తేదీన బస్సెక్కిన పిల్ల, ఒక ఊరి ట్యాంకు తర్వాత ఇంకో ఊరి ట్యాంకంటూ, ఇప్పటికీ తిరిగి రాలేదు.