ఎండు తొట్లు, తడి తొట్లు

ఆ రోజుకు ఉమాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వెచ్చని పెట్టెలోంచి గాజు పలకలు తీయాలి. పదింటికల్లా మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసుకోవాలి. పదకొండింటికి కమిటీ ముందు పెట్టాలి. మధ్యలో వీలు చూసుకుని క్యాంటీన్‌లో ఇంత ఉగ్గాని తినాలి. ఇందులో అనుకున్నట్టు జరిగింది ఒక్కటీ లేదు, ఉగ్గాని సంగతి సరేసరి.

కళ్యాణదుర్గం దారిలో ఉన్న ఆ వేరుశనగ పరిశోధన కేంద్రంలో నాలుగేళ్ళుగా ఆ పిల్ల పీహెచ్‌డీ కోసం ఒకటే పని పట్టుకుని కూర్చుంది. మొక్కలోకి ఒక జన్యువును ఎక్కించింది. నీళ్ళు లేక మొక్క అల్లాడినప్పుడు మాత్రమే అది మేలుకోవాలి. మేలుకున్నదీ లేనిదీ కంటికి కనబడదు గనుక, దాని పక్కనే చాడీలు చెప్పే ఎంజైము ఒకదాన్ని కూర్చోబెట్టింది. జన్యువు కళ్ళు తెరిస్తే ఈ ఎంజైము పుడుతుంది. వేరును పల్చటి పొరలుగా కోసి, మందు నీళ్ళలో వేసి, ఒక రాత్రంతా మనిషి ఒంటి వెచ్చదనంలో ఉంచితే ఎంజైము ఉన్నచోటల్లా నీలం రంగు తేలుతుంది. రంగు తేలితే కమిటీ మరో ఏడాది గడువిస్తుంది. తేలకపోతే ఆ మధ్యాహ్నమే ప్రాజెక్టు మూత, నాలుగేళ్ళ కష్టం నేలపాలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రయోగం మొదలైన రెండో రోజునే ఉమాదేవికి అమ్మవారు పోసింది. ఉరవకొండలో ఇంట్లో వేపాకుల మధ్య పడుకుని, ఫోన్లోనే ప్రయోగం నడిపింది. షెడ్డులో 'తడి' అని చీటీ అతికించిన పది తొట్లకు రోజూ కొలిచి నీళ్ళు పోయాలి. 'ఎండు' అని అతికించిన పది తొట్లకు పన్నెండు రోజులు చుక్క కూడా పోయకూడదు. ఆ భారం తోట పనులు చూసే కుళ్లాయప్ప మీద పడింది. ముప్పై ఏళ్ళ సర్వీసు, రిటైరు కావడానికి ఇంకో రెండేళ్ళున్న మనిషి. పదమూడో రోజున తొట్లలోంచి వేర్ల ముక్కలు తీసి, చీటీల ప్రకారం సీసాల్లో వేసి తెచ్చిచ్చింది ఆయనే. ల్యాబు టెక్నీషియను సుజాత వాటిని ఎంజైము చావకుండా నిలవ ఉంచే ద్రావకంలో ముంచి ఫ్రీజరులో పెట్టింది.

"మొక్కలెట్లుండాయన్నా?" అని ఉమాదేవి రోజూ ఫోన్ చేసి అడిగేది.

"బంగారట్ల ఉండాయి ఉమమ్మా. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు" అనేవాడు కుళ్లాయప్ప.

ఎండిపోతున్న మొక్కలు బంగారంలా ఎట్లా ఉంటాయని ఆ జ్వరంలో ఆమెకు తోచలేదు. తిరిగొచ్చాక వారం రోజులూ ల్యాబులో కూర్చుని నిలవ వేర్లను పొరలు కోయడంతోనే సరిపోయింది. షెడ్డు వైపు తొంగి చూసే తీరిక లేకపోయింది.

సరిగ్గా తొమ్మిదింటికి ఎండు పలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. తెల్లగా ఉంది. రెండోది చూసింది. తెల్లగానే ఉంది. పదీ చూసింది, ఒక్కదాంట్లోనూ నీలం లేదు. పరుగున పోయి వెచ్చని పెట్టె తలుపు తీసింది. లోపల మూడో అరలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఒకటి కనిపించింది. మూత తీస్తే చక్కగా తోడుకున్న పెరుగు.

"సుజాతక్కా! ఇదేంది?"

సుజాత ముఖం పాలిపోయింది. "ఈ చలికి ఇంట్లో తోడుకుంటాలేదు ఉమా. ఈడైతే ముప్పై ఏడు డిగ్రీలు కదా అని పెట్టినా. తలుపు సరిగ్గా పడినట్టు లేదేమో? అయ్యో దేవుడా, నా పెరుగు వల్లనే రంగు రాలేదా?"

పాపం, సుజాతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ పెట్టెలోని థర్మామీటరు ముప్పై ఏడు దగ్గరే నిలబడి ఉంది. పెరుగు కూడా ఆ మాటే చెబుతోంది, అంత గట్టిగా తోడుకుంది. అయితే మందు నీళ్ళు చెడిపోయాయా? ద్రావకం ఘాటుకు ఎంజైము చచ్చిపోయిందా? తేల్చుకుందామని ఉమాదేవి తడి పలకను మైక్రోస్కోపు కింద పెట్టింది.

నీలం! వేరు నడిమి నుంచి అంచుదాకా కళ్ళు చెదిరే నీలం. పది పలకలూ అంతే.

ఎవరైనా సంతోషించాల్సిన రంగు అది. ఉమాదేవి మాత్రం వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. మందు మంచిదే, ఎంజైము బతికే ఉంది, పెట్టె వెచ్చగానే ఉంది. అంటే తప్పు జన్యువుది. కడుపు నిండా నీళ్ళు తాగిన మొక్కలో మేలుకుని గోల చేసి, దప్పికతో అల్లాడే మొక్కలో ముసుగుతన్ని పడుకుంది. ఇట్లాంటి జన్యువు ఎవరికి కావాలి?

"ఉమా, ఇంకొక మాట" అంది సుజాత ముక్కు తుడుచుకుంటూ. "సీసాల మింద రాసింది స్పిరిటుకు చెరిగిపోతాంటే నేనే మల్లా రాసినా. అప్పుడేమన్నా అటూ ఇటూ అయిందేమో?"

ఇద్దరూ సీసాలన్నీ బల్ల మీద పోసి, లోపల పెన్సిలుతో రాసి వేసిన చీటీలు ఒక్కొక్కటే తీసి చూశారు. అన్నీ సరిపోయాయి. సుజాత తప్పు ఒక్కటీ లేదు. ఆ సంగతి తేలినందుకు ఇద్దరిలో ఒక్కరికి కూడా సంతోషం కలగలేదు.

కేంద్రం అధికారి నాగేశ్వర సారు అప్పుడే లోపలికి వచ్చాడు. "ఏమ్మా ఉమా, రంగు తేలిందా?"

"తేలింది సార్. తేలకూడని దాంట్లో తేలింది."

ఆయన సంగతంతా విని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "దీనికింత దిగులెందుకమ్మా? చీటీలే కదా. ఇవి అట్ల, అవి ఇట్ల అతికిస్తే పాయె. కమిటీ వాళ్ళేమన్నా మొక్కలను పిలిచి సాక్ష్యం అడుగుతారా?"

ఒక్క క్షణం ఉమాదేవి ఆ చీటీల వైపు చూసింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఇంటి దగ్గర నాయన, కూతురు డాక్టరు చదువు చదువుతోందని ఊరంతా చెప్పుకున్నాడు. ఏ డాక్టరో ఆయనకూ సరిగ్గా తెలియదు గానీ, తలనొప్పి మాత్రల కోసం అప్పుడే నలుగురు వచ్చిపోయారు.

"నాతో కాదు సార్" అంది చివరికి. "కనపడిందే చెప్తా. పోతే పోనీ."

పదకొండింటికి రావలసిన కమిటీ పదింపావుకే దిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన పద్మప్రియ గారు దానికి పెద్ద. ఉమాదేవి ఉన్నదున్నట్టు చెప్పింది. పద్మప్రియ గారు పలకలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి కళ్ళజోడు తీశారు.

"నిజం చెప్పినందుకు సంతోషం అమ్మా. కానీ ఇలా తిరగబడ్డ జన్యువుకి ఇంకో ఏడాది ఇవ్వమని నేను రాయలేను. బాధగానే ఉంది, మూసెయ్యక తప్పదు."

ఉమాదేవి తల వంచుకుంది. కన్నీళ్ళు ఆపుకోలేకపోయింది. సరిగ్గా అప్పుడే టీ తెచ్చిన కుళ్లాయప్ప గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమైంది ఉమమ్మా? ఎందుకేడ్చాండావు?"

"నీళ్ళు పోయని మొక్కల్లో రంగు రాలేదన్నా. నీళ్ళు పోసినవాట్లో వచ్చింది."

కుళ్లాయప్ప టీ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. నాగేశ్వర సారు వైపు చూసి, పద్మప్రియ గారి వైపు చూసి, చివరికి నేలవైపు చూస్తూ నోరు విప్పాడు.

"ఆ పాప తప్పేం లేదు మేడమ్. రంగు రానివి నీళ్ళు పోసినవే. ఎండు తొట్లకు నేనే పోసినా."

ఉమాదేవి చటుక్కున తలెత్తింది.

"పోయొద్దన్నాను కదన్నా!" అంది.

"అన్నావులేమ్మా. బోరు ఎండిపోయి నీళ్ళు చాలక వద్దన్నావనుకున్యా. నీళ్ళుండీ ఎవరన్నా కావాలని పైరును ఎండబెడతారా ఈ జిల్లాలో? మూడో దినానికే అవి తలకాయలేలేసి నా పక్క చూస్తాంటే నాకు అన్నం దిగలేదు. మా చేన్లో పంట పోతాంటే చూస్తా నిలబడినాను చాలాసార్లు. చేతిలో నీళ్ళ బుడ్డి పెట్టుకోని ఈడ గూడా చూస్తా నిలబడమంటే ఎట్లమ్మా?"

"ఎక్కడి నీళ్ళు పోశావు?" అన్నారు పద్మప్రియ గారు, ఉన్నట్టుండి కుర్చీ ముందుకు జరిపి.

"కొలిచి ఇచ్చిన నీళ్ళే మేడమ్. చుక్క గూడా ఎక్కువ వాడలేదు. ఆ పక్క తడి తొట్లు ముందే కడుపు నిండినవి కదా, నాలుగు దినాలు ఓర్చుకోలేవా అని వాటి వంతు వీటికి పోసినా. వేర్లు తీసేదాకా అంతే. ఆ మర్నాటినుంచి రెండింటికీ పోస్తాండా."

అందరూ షెడ్డుకు పరుగెత్తారు. ఎండు తొట్లు పదీ ఏపుగా పెరిగి, పసుపుపచ్చ పూలు పూసి, కాయలు పట్టే ఊడలు మట్టిలోకి దిగి కళకళలాడుతున్నాయి. తడి తొట్లు సగం ఆకులు రాల్చుకుని, ఇప్పుడిప్పుడే భయంభయంగా చిగురు వేస్తున్నాయి. పద్మప్రియ గారు నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వగా అనంతపురంలో చూసినవాళ్ళు లేరు.

"ఏది ఎండో ఏది తడో మీ ల్యాబులో ఒక్కరికీ తెలియదు. నిలవ ఉంచిన వేరు ముక్క మాత్రం ఎవరికి దాహం వేసిందో సరిగ్గా చెప్పింది. ఇంతకన్నా గట్టి పరీక్ష నేను కూడా పెట్టలేను. ఏడాది గడువు రాస్తున్నాను. కాకపోతే ప్రయోగం మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి, ఈసారి షెడ్డుకు తాళం వేసి."

నాగేశ్వర సారు కొంచెం దూరంగా నిలబడి లెక్క వేసుకుంటున్నాడు. పొద్దున తన మాట విని చీటీలు మార్చి ఉంటే, ఆ అబద్ధం అక్షరాలా నిజమై ఉండేది. ఆ విషయం ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు. కుళ్లాయప్పకు మెమో ఇస్తానని మాత్రం ముందుకొచ్చాడు గానీ, ఉమాదేవి అడ్డం పడి ఆపింది. కుళ్లాయప్ప మీద రావలసినంత కోపం రావడం లేదని ఆమెకు తన మీదే విసుగ్గా ఉంది. నిజానికి ఆమెకు ఆయన మీద వచ్చింది ప్రేమే.

"మల్లా ఎండబెడతావా ఉమమ్మా?" అన్నాడు కుళ్లాయప్ప జాలిగా.

"పన్నెండు దినాలేన్నా. ఆ తర్వాత ఎంత కావాల్నో అంత నువ్వే పోద్దువు. అంతదాకా ఆ పక్క రావద్దు నువ్వు."

"రానమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

సాయంత్రానికే కళ్యాణదుర్గం నుంచి కొత్త తాళం వచ్చింది. షెడ్డు తాళంచెవి తోట సిబ్బందిలో సీనియరు దగ్గరే ఉండాలన్నది ఆఫీసు నియమం గనుక, నాగేశ్వర సారు సంతకం పెట్టించుకుని దాన్ని కుళ్లాయప్పకు అప్పగించాడు.